మధురవాడ ఎండ, బోరు నీళ్లు, తొమ్మిదేళ్ల సోలార్ హీటర్

మా బావమరిది ఆనందపురం దగ్గర ఇల్లు కడుతున్నాడు. రెండో స్లాబు పడగానే ఫోన్ చేశాడు. "బావా, వేడినీళ్లకి సోలార్ పెట్టించమంటావా, గీజర్లు చాలంటావా? ఒక్క ముక్కలో చెప్పు" అని. ఒక్క ముక్కలో తేలే విషయమైతే ఈ తొమ్మిదేళ్లలో నేను ఇన్నిసార్లు డాబా ఎక్కి దిగేవాణ్ణి కాదు.

చలికి గదులు వెచ్చబెట్టుకునే గోల విశాఖలో లేదు. అది లంబసింగి వాళ్ల బాధ. మనకి కావలసినవి వేడినీళ్లే, అవి కూడా చాలా ఇళ్లలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. మా ఇంట్లో మాత్రం ఏడాదంతా కావాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా కార్తీకమాసమంతా తెల్లవారుజామున నాలుగింటికే తలస్నానం. ఆ వేళప్పుడు గీజరు వేసుకుని కాచుక్కూర్చోకుండా, కుళాయి తిప్పగానే వేడినీళ్లు రావాలని నా ఆశ.

2016లో గృహప్రవేశానికి ముందు 200 లీటర్ల సోలార్ హీటర్ పెట్టించాను. గాజు ట్యూబుల రకం. ఫిట్టింగుతో కలిపి 34 వేలయింది. ట్యూబులకి బదులు అద్దం కింద రాగి గొట్టాల పలక ఉండే ఫ్లాట్ ప్లేట్ రకం గట్టిదని తెలుసు. కానీ మాది బోరు నీళ్లు, గిన్నెలో కాస్తే అడుగున తెల్లటి పొర కడుతుంది. ఫ్లాట్ ప్లేట్‌లో నీళ్లు పారే రాగి గొట్టాలు సన్నగా ఉంటాయి. వాటిలో సున్నం పేరుకుంటే పూడుకుపోతాయి, యాసిడ్ పెట్టి కడిగించాలి. ట్యూబులనైతే ఒక్కొక్కటీ ఊడదీసి కడుక్కోవచ్చు. ఈ ఒక్క లెక్క మాత్రం నాకు తప్పలేదు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) నీళ్లు మాత్రమే వాడే ఇల్లయితే ఫ్లాట్ ప్లేటే తీసుకోమంటాను.

కడగడంలోనే దెబ్బ తిన్నాం. మూడో ఏట ఏప్రిల్‌లో ట్యూబులు కడగడానికి ఒక కుర్రాడు వచ్చాడు. ట్యాంకు ఖాళీ చేసి, అన్నీ కడిగి బిగించి, భోజనానికి వెళ్లాడు. ఖాళీ ట్యూబులు రెండు గంటలు మండుటెండలో ఉన్నాయి. తిరిగొచ్చి వాల్వు తిప్పాడు. చల్లనీళ్లు తగలగానే ఠప్, ఠప్ అని రెండు పగిలాయి. ఒక్క ట్యూబు పగిలినా చాలు, ట్యాంకులో నీళ్లన్నీ ఆ కన్నంలోంచి డాబా పాలే. అప్పటి నుంచి ఆ పని చేయిస్తే పొద్దు పొడవక ముందే, లేదా సాయంత్రం ఎండ దిగాకే.

వారంటీ ఐదేళ్లు. ట్యాంకు ఆరో ఏట వెల్డింగ్ దగ్గర కారింది. అమ్మినాయన మీ నీళ్లలో ఉప్పెక్కువ అన్నాడు. కొన్నప్పుడు మా నీళ్లు ఎలా ఉన్నాయని ఆయన అడగనే లేదు. సముద్రపు గాలికి స్టాండు తుప్పు సరేసరి, రెండేళ్లకోసారి రంగు వేయిస్తున్నాం.

ట్యాంకులో 2 కిలోవాట్ల కరెంటు కాయిల్ కూడా ఇచ్చారు. అల్పపీడనం వచ్చి మూడు రోజులు ముసురు పడితే పనికొస్తుందనుకున్నాను. మనకి కావలసింది రెండు బకెట్లు, అది కాచేది 200 లీటర్లు. 30 డిగ్రీలు పెంచాలంటే 7 యూనిట్లు పోతాయి. నాలుగో ఏట ఆ వైరు పీకించి, కింది బాత్రూంలో 15 లీటర్ల గీజరు పెట్టించాను. మొదట్లోనే చేయాల్సిన పని.

ఆ బాత్రూందీ ఒక కథ. అక్కడి నుంచి సోలార్ ట్యాంకు దాకా ఇరవై మీటర్ల పైపు. ముప్పావంగుళం పైపు మీటరుకి పావు లీటరు పడుతుంది. అంటే కుళాయి తిప్పాక ఐదు లీటర్లు చల్లనీళ్లే, ఆ తర్వాతే వేడి. పైపుకి తొడుగు వేయించినా రాత్రంతా నిలబడిన నీళ్లు చల్లారకుండా ఉండవు. అమ్మ వాటిని బకెట్లో పట్టి మొక్కలకి పోస్తుంది.

వీటన్నిటికీ సర్దుకున్నాం. సర్దుకోలేనిది 2021లో వచ్చింది. మా దక్షిణం పక్క స్థలంలో ఐదంతస్తుల అపార్టుమెంటు లేచింది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలిపోయి, మిట్టమధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తు దాటడు. మా ట్యూబుల మీద ఆ బిల్డింగు నీడ. మే నెలలో నడినెత్తికి వస్తాడు కాబట్టి ఎండ దండిగా తగులుతుంది. అప్పుడు వేడినీళ్లు ఎవరికి కావాలి? సింటెక్సు ట్యాంకులోంచి వచ్చే నీళ్లకే చెయ్యి చురుక్కుమంటుంది. సోలార్ ట్యాంకు పైన గాలి గొట్టంలోంచి ఆవిరి పోతుంటే సగం ట్యూబుల మీద గోనెసంచులు కప్పుతాం.

ఇక బావమరిది సంగతి. వాళ్లు నలుగురు, అందరూ బకెట్ స్నానాలే. 20 లీటర్ల బకెట్ స్నానానికి సరిపడా గోరువెచ్చగా కాగడానికి అర యూనిట్ కూడా పట్టదు. పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ కరెంటు ప్యానెళ్లు పెట్టించాలని ఎలాగూ అనుకుంటున్నాడు, సబ్సిడీ 78 వేలు వస్తుంది. మంచి ఎండ రోజున అవి 12 యూనిట్ల దాకా ఇస్తాయి. అందుకని గీజర్లే పెట్టుకోమన్నాను. కాకపోతే ఇల్లు కడుతున్నప్పుడే వేడినీళ్ల సీపీవీసీ పైపు ఒకటి పై దాకా వేయించమన్నాను. పైట్యాంకు అడుగు, రేపు పెట్టబోయే సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండేలా దిమ్మె కట్టించమన్నాను. రేపు అత్తయ్యగారు వచ్చి ఉంటే ఏడాదంతా వేడినీళ్లు కావాలి. "మరి నీది పీకేస్తావా బావా?" అన్నాడు. మా అమ్మనడుగు అన్నాను.

మొన్న ఆదివారం వాడి డాబా ఎక్కాం. "ఎండ ఎలా ఉందో చూశావా" అని మురిసిపోయాడు. నేను దక్షిణం వైపు చూశాను. రెండు ఖాళీ ప్లాట్లు. ఒకదాని ప్రహరీ మీద ఎర్ర రంగుతో 'అమ్మబడును' అని రాసి, కింద ఫోన్ నంబరు ఉంది.