చెరువు ఉప్పదనం కొలవడానికి ఏది మేలు: రిఫ్రాక్టోమీటరా, కండక్టివిటీ మీటరా?

వనామీ రొయ్యల చెరువు గట్టు మీద సెలైనిటీ, అంటే నీటి ఉప్పదనం చూడాలంటే సాధారణంగా ముందు చేతికొచ్చేది రిఫ్రాక్టోమీటరే. బ్యాటరీ అక్కర్లేదు. పట్టకం మీద రెండు చుక్కలు వేసి, రేకు మూసి వెలుతురుకేసి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె కనబడుతుంది. సముద్రపు నీళ్లయితే 35 పీపీటీ దగ్గర, అంటే కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పులు. సముద్రపు పోటు తగిలే ఏటి నీళ్లు తోడుకునే 15, 20 పీపీటీ చెరువుకి ఇదొక్కటీ చాలు, ఇంకోటి కొనడం దండగ. పేచీ అంతా 5 పీపీటీ లోపు ఉండే బోరునీటి చెరువులతోనే.

రిఫ్రాక్టోమీటరు ఉప్పును నేరుగా కొలవదు, నీటిలో కాంతి ఎంత వంగిందో చూస్తుంది. మంచినీటి వక్రీభవన గుణకం 1.333, సముద్రపు నీటిది 1.339 చిల్లర. 35 పీపీటీ తేడా మొత్తం ఆ 0.006లోనే ఇరుక్కుని ఉంది. స్కేలు మీద గీతకు 1 పీపీటీ. ఒక గీత అటూ ఇటూ అయితే 30 దగ్గర పట్టించుకోనక్కర్లేదు, 3 దగ్గరయితే మూడో వంతు తప్పు. పైగా నీరు ఒక డిగ్రీ వేడెక్కితే వచ్చే మార్పు సుమారు అర పీపీటీకి సమానం. వేడిని తనే సర్దుకునే రకాలున్నాయి గానీ, చాలావాటిలో ఆ సర్దుబాటు 10 నుంచి 30 డిగ్రీల దాకానే. మే నెల మధ్యాహ్నం గట్టు మీద ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. నీడకు తెచ్చి, చుక్క వేశాక అర నిమిషం ఆగి చూడాలి. సున్నా సరిచేసుకోవడానికి బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. బోరు నీళ్లతో సున్నా పెడితే ఆ తర్వాత ఏ అంకెనూ నమ్మలేం.

కండక్టివిటీ మీటరు చూసేది నీటిలోంచి కరెంటు ఎంత తేలిగ్గా పోతోందని. దీని సత్తా తక్కువ ఉప్పు దగ్గరే తెలుస్తుంది: 2కీ 2.3కీ తేడా చూపిస్తుంది. ఇదీ వేడికి లొంగుతుంది, డిగ్రీకి సుమారు 2 శాతం. లోపల టెంపరేచర్ సెన్సరు ఉన్నదయితే 25 డిగ్రీలకు లెక్కగట్టి చూపుతుంది కాబట్టి అలాంటిదే కొనాలి. సరిచూసుకోవడం కూడా సులువే. 25 డిగ్రీల దగ్గర 0.01 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణం సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్స్ (కండక్టివిటీ కొలమానం) చూపాలి.

జేబులో పెట్టుకునే టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం పదార్థాలు) పెన్నులూ ఇదే జాతి, కానీ వాటితో జాగ్రత్త. అవి కొలిచేది కండక్టివిటీనే, దాన్ని 0.5తోనో 0.7తోనో గుణించి పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు) అని చూపుతాయి. 2000 మైక్రోసీమెన్స్ ఉన్న అదే నీరు ఒక పెన్నులో 1000, ఇంకో పెన్నులో 1400. పక్క చెరువు రైతుతో అంకెలు పోల్చుకుని గాభరా పడేది ఇందుకే. మైక్రోసీమెన్స్ చూపని పెన్ను కొనకండి. చాలా పెన్నులు 10 పీపీటీకి అటూ ఇటూ ఆగిపోతాయి కూడా.

నీటిలో తేలించి ఎంత మునిగిందో చూసే గాజు హైడ్రోమీటరు చవకే, చెరువు గట్టు మీద ఎన్నాళ్లు పగలకుండా ఉంటుందన్నదే ప్రశ్న.

అనుమానం తీర్చుకోవాలంటే ల్యాబులో మోర్ పద్ధతి ఉంది. 1856లో జర్మన్ రసాయనవేత్త కార్ల్ ఫ్రెడరిక్ మోర్ చెప్పినది: పొటాషియం క్రోమేట్ కలిపిన నీటిలోకి బ్యూరెట్‌తో సిల్వర్ నైట్రేట్ వదిలితే, క్లోరైడ్ అంతా అయిపోగానే పసుపు రంగు ఇటుక ఎరుపుకి తిరుగుతుంది. సముద్రపు నీటిలో ఉప్పుల పాళ్లు ఎక్కడైనా దాదాపు ఒకటే కాబట్టి, వచ్చిన క్లోరినిటీని (కిలో నీటిలో క్లోరైడ్ ఎన్ని గ్రాములో ఆ అంకెని) 1.80655తో గుణిస్తే సెలైనిటీ. ఏటి నీటికి ఈ లెక్క బాగా దగ్గరగా వస్తుంది. బోరు నీటికి రాదు, దాని పాళ్లు దానివి.

ఆ పాళ్ల సంగతి రెండు మీటర్లూ చెప్పవు. సముద్రపు నీటిలో పీపీటీకి లీటరుకు 11 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఆ లెక్కన 4 పీపీటీ చెరువులో 45 దాకా ఉండాలి, బోరు నీటిలో తరచూ అంతకన్నా బాగా తక్కువే ఉంటుంది. మీటరు 4 చూపినా రొయ్య మెత్తబడుతుంటే, కొత్త మీటరు డబ్బులు నీటి పరీక్షకు పెట్టడం మంచిది.

నన్నడిగితే బోరునీటి చెరువుకు కండక్టివిటీ మీటరు, ఏటి నీటి చెరువుకు రిఫ్రాక్టోమీటరు. ఏది కొన్నా సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే రోజు, వాటిని అమ్మే హేచరీ వాళ్లు చెప్పిన అంకె మీద ఆధారపడకండి. వాళ్ల మీటరు 5, మీ మీటరు 5 ఒకటే కానక్కర్లేదు. సీడ్ వచ్చిన సంచిలో నీళ్లు, చెరువులో నీళ్లు రెండూ మీ మీటరుతోనే చూసి, ఆ తేడాను బట్టి మెల్లగా నీళ్లు కలపండి.