నల్గొండల టెట్ సైకాలజీ క్లాస్, నా రివ్యూ

నల్గొండ క్లాక్ టవర్ దిక్కు ఒక టెట్ (టీచర్ అర్హత పరీక్ష) కోచింగ్‌ల సైకాలజీ క్లాస్‌కు పోతున్న, ఎవరన్న జాయిన్ అయితరేమో అని రాస్తున్న. టెట్‌ల 150 మార్కులల్ల శిశు వికాసంకే 30, అందరు పియాజే, కోల్‌బర్గ్ అనే సైకాలజిస్టుల సిద్ధాంతాలు బట్టీ పట్టి పరిశోధన పద్ధతులు ఇడిసిపెడ్తరు, ఈ సార్ మాత్రం ఆడికెల్లే మొదలుపెట్టిండు.

బోర్డు మీద 2, 4, 6 రాసిండు. దీనెనుక ఒక రూల్ ఉంది, మీరు మూడు నంబర్లు చెప్పుండ్రి, రూల్‌కు సరిపోతయో లేదో నేను చెప్త అన్నడు. ఒక అక్క 8, 10, 12 అన్నది, సరిపోతది అన్నడు, ఎన్క బెంచి తమ్ముడు 20, 22, 24 అన్నడు, అదీ సరిపోతదన్నడు, ఇగ క్లాసంత రెండు రెండు పెరుగుతయని ఒకటే లొల్లి. రూల్ అది కాదు. నంబర్లు పెరుగుకుంట పోతే చాలు, 1, 7, 50 అన్నా సరిపోతుండె. సరిపోదేమో అనిపించే నంబర్లు ఒక్కరన్న అడగలే. పీటర్ వేసన్ అనే సైకాలజిస్ట్ 1960లో చేసిన ప్రయోగమట ఇది. మనకు అనిపించినదానికి సాక్ష్యం ఎతుక్కుంటం గని అది తప్పని తేల్చేది ఎతకం, గైడ్‌ల ఒక్క లైన్‌ల ఉండే ముచ్చట ఇట్ల కండ్ల ముందర చూస్తే జన్మల మర్చిపోం.

సహసంబంధం, అంటే రెండు విషయాలు కలిసి మారుడు, అది గూడ మస్తు చెప్పిండు. ట్యూషన్‌కు పోయే పిల్లలకు మార్కులు ఎక్కువున్నయంటే ట్యూషన్ వల్లనే అనాల్నా, ఇంట్ల చదువుకున్నోళ్లు ఉన్నరేమో, కారణం తేలాలంటే ప్రయోగమే చెయ్యాలె అని చీటీలు తీపిచ్చి మమ్ముల రెండు గ్రూపులు చేసిండు. ఒక గ్రూపు పాఠం మళ్ల మళ్ల చదువుడు, ఇంకోటి పుస్తకం మూసి యాదికున్నది రాసుడు. చదివే పద్ధతి స్వతంత్ర చరం, అంటే మనం మార్చేది, యాదికున్నది పరతంత్ర చరం, అంటే దాన్ని బట్టి మారేది. 2006లో రోడిగర్, కార్పికి అనే సైకాలజిస్టులు ఇట్లనే చేస్తే 5 నిమిషాలకు పరీక్ష పెట్టినప్పుడు మళ్ల మళ్ల చదివినోళ్లు ముందున్నరట, వారం తర్వాత పెడ్తే రాసినోళ్లు ముందున్నరట. చదువుతుంటే అంతా వచ్చినట్టే అనిపిస్తది, ఆ అనిపించుడే మోసం. మా క్లాస్‌ల వచ్చిన మార్కులు మాత్రం సార్ బోర్డు మీద ఎయ్యలే, ఇంత చిన్న క్లాస్‌తోని ఏం తేలదు అన్నడు. గామాటకే సార్ మీద గౌరవం డబల్ అయింది, వేరే కాడనైతే చూసిన్రా నేను చెప్పిందే నిజమైంది అనేటోళ్లు.

తక్కువ ఏందంటే కేస్ స్టడీ (ఒక్కర్నే లోతుగ చూసుడు), పరిపృచ్ఛ (ఇంటర్వ్యూ) ఒక్క పూటల ఉరికిచ్చిండు. బిట్స్ ప్రాక్టీస్ సరిపోదు, అది మీరే చేసుకోవాలె. సాయంత్రం బ్యాచ్ లేట్ అయితది, దేవరకొండ, మిర్యాలగూడ బస్సులకు పోయేటోళ్లు పొద్దుగాల బ్యాచ్‌ల చేరుండ్రి.

పిల్లగాన్ని చూడంగనే వీడు మొద్దు, వీడు హుషార్ అని తేల్చేసే టీచర్లు మన బడులల్ల మస్తుమంది ఉన్నరు, టెట్ రాసినా రాయకున్నా వాళ్లు గూడ వినాలె ఈ క్లాస్. డెమో అడిగితే కూసోనిస్తరు, ఫీజు కట్టకముందే ఒకపాలి పోయి వినుండ్రి.