టెయిల్‌విండా, ట్రిక్ రూమా? మీ టీమ్‌కి ఏది మేలు

“అన్నా, టీమ్ బాగానే ఉంది. కానీ ప్రతి ఆటలో అవతలివాళ్లే ముందు కొడుతున్నారు. టెయిల్‌విండ్ పెట్టుకోనా, ట్రిక్ రూమ్ పెట్టుకోనా?” పోకెమాన్ డబుల్స్ కొత్తగా సీరియస్‌గా ఆడుతున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. టెయిల్‌విండ్ అంటే మన వైపు అందరి వేగాన్నీ కొన్ని టర్నుల పాటు రెట్టింపు చేసే మూవ్, ట్రిక్ రూమ్ అంటే నెమ్మదైనవాళ్లే ముందు కదిలేలా వరుసను తిప్పేసే మూవ్. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పిన సమాధానాలన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. నేనే ఈ మధ్య ఎంతో ఇష్టంగా కట్టుకున్న ట్రిక్ రూమ్ టీమ్‌ని పక్కన పెట్టి టెయిల్‌విండ్ వైపు వచ్చాను. ఎందుకు వచ్చానో చెబితే మీ నిర్ణయం తేలికవుతుందనుకుంటున్నాను.

లెక్కలన్నీ స్కార్లెట్, వయొలెట్ ఆటలవి, లెవెల్ 50వి. ఆరుగురిలో నలుగురిని ఎంచుకుని, ఇద్దరిద్దరిని దింపే పద్ధతి మీకు తెలుసు కాబట్టి దాని జోలికి వెళ్లను. రూల్ సెట్ మారినప్పుడల్లా కొన్ని పోకెమాన్లు వస్తాయి, కొన్ని పోతాయి. కింద ఫ్లటర్ మేన్ పేరు చాలాసార్లు వస్తుంది. మీరు ఆడే రూల్ సెట్‌లో అది లేకపోతే అక్కడ ఉన్నవాటిలో అన్నిటికన్నా వేగమైనదాన్ని పెట్టుకుని చదవండి.

ముందు టర్నుల లెక్క చూద్దాం, ఎందుకంటే ఇక్కడే చాలామంది తడబడతారు. టెయిల్‌విండ్ నాలుగు టర్నులు ఉంటుంది, వేసిన టర్ను కూడా అందులో కలుస్తుంది. ట్రిక్ రూమ్ ఐదు టర్నులు, అందులోనూ వేసిన టర్ను కలుస్తుంది. అంటే మొదటి టర్నులో వేస్తే టెయిల్‌విండ్‌కి పూర్తిగా మిగిలేవి మూడు, ట్రిక్ రూమ్‌కి నాలుగు. కాగితం మీద ట్రిక్ రూమే నయం. కానీ ప్రయారిటీ అని ఒకటుంది, వేగంతో పని లేకుండా ఏ మూవ్ ముందు పడాలో చెప్పే అంకె. ట్రిక్ రూమ్‌ది మైనస్ 7. ఆ టర్నులో అందరూ తమ పని ముగించాక చివర్లో అది పడుతుంది. టెయిల్‌విండ్ అలా కాదు. 2019లో సోర్డ్, షీల్డ్ వచ్చినప్పటి నుంచి వేగం టర్ను మధ్యలోనే తిరిగి లెక్కకు వస్తోంది. విమ్సికాట్ తన ప్రాంక్‌స్టర్ ఎబిలిటీతో (దెబ్బ కొట్టని మూవ్‌లకు ప్రయారిటీ పెంచే గుణం) ముందుగా టెయిల్‌విండ్ వేసిందంటే, పక్కనున్న మన రెండో పోకెమాన్ అదే టర్నులో రెట్టింపు వేగంతో కొడుతుంది. ఆ ఒక్క దెబ్బను కలిపితే నాలుగో టర్ను తేడా దాదాపు పోయినట్టే.

ట్రిక్ రూమ్‌కి ఉన్న అసలు బలం వేరే చోట ఉంది. అవతలివాళ్లు టెయిల్‌విండ్ వేసుకుని హాయిగా ఉన్నప్పుడు మనం ట్రిక్ రూమ్ వేస్తే వాళ్ల వేగమే వాళ్లకు శత్రువవుతుంది. రెట్టింపు వేగమున్నవాళ్లు అందరికన్నా చివర కదులుతారు. అప్పుడు వాళ్లు చేయగలిగింది తక్కువే. ప్రొటెక్ట్‌తో ఆ టర్ను దెబ్బలు తప్పించుకోవాలి, మార్చి మార్చి స్విచ్ చేసుకోవాలి, ఫేక్ అవుట్‌తో (దిగగానే కొట్టి ఎదుటిదాన్ని ఆ టర్ను కదలనివ్వని మూవ్) ఒక టర్ను మింగేయాలి. వరుసగా రెండోసారి ప్రొటెక్ట్ పడే అవకాశం మూడింట ఒకటే కాబట్టి అదీ ఎంతోసేపు సాగదు. ఈలోగా ఎండలో టోర్కోల్ ఎరప్షన్, గట్స్ ఎబిలిటీతో ఉర్సలూనా ఫసాడ్ లాంటి భారీ దెబ్బలు పడుతుంటే చూడటానికి ఎంత బాగుంటుందో ట్రిక్ రూమ్ ఆడినవాళ్లకే తెలుసు. రెండు టర్నుల్లో ఆట ముగిసిపోతుంది. నేను ఆ ఆనందం కోసమే నెలల తరబడి అదే ఆడాను.

మరి ఎందుకు వదిలేశాను?

ఓడిన ఆటల రిప్లేలు వరుసగా చూస్తూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. ఒకే ఒక్క ప్రశ్న: ఈ ఆటలో ట్రిక్ రూమ్ పడిందా, లేదా? ఓడిన ఆటల్లో సగానికి పైగా “పడలేదు” అని రాయాల్సి వచ్చింది. పడిన ఆటల్లో నేను ఎక్కువగా గెలుస్తున్నాను. పడనివాటిలో దాదాపు ప్రతిదీ ఓడుతున్నాను. నా దృష్టిలో ఈ రెండింటి మధ్య ఎంపికను తేల్చేది ఇదే. పడితే ఏమవుతుందన్నది అందరూ చూస్తారు. పడకపోతే మీ టీమ్ ఏం చేయగలదన్నది చూడండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. స్పీడ్ ఐవీ (పుట్టుకతో వచ్చే అంకె) సున్నా, వేగం తగ్గించే నేచర్ (స్వభావం) పెట్టిన టోర్కోల్ స్పీడ్ 22. అదే పద్ధతిలో పెంచిన ఉర్సలూనాది 49. ట్రిక్ రూమ్ లేని రంగంలో వీటికన్నా ముందు కదలనిది దాదాపు లేదు. ఎరప్షన్ బలం 150 అన్నది నిండు ప్రాణంతో ఉన్నప్పటి మాట. సగం ప్రాణం పోతే అది 75. అంటే టోర్కోల్ తన వంతు వచ్చేలోపు ఒక గట్టి దెబ్బ తిన్నదంటే దాన్ని దేనికోసం తెచ్చుకున్నామో ఆ పనికే రాదు. ఇప్పుడు టెయిల్‌విండ్ టీమ్‌లోని రిల్లబూమ్‌ని చూడండి. స్పీడ్‌లో ఒక్క ఈవీ (శిక్షణతో పెంచే పాయింటు) పెట్టకపోయినా దాని వేగం 105. టెయిల్‌విండ్ పడితే 210, పూర్తి వేగంతో పెంచిన ఫ్లటర్ మేన్ 205ని దాటేస్తుంది. టెయిల్‌విండ్ పడకపోతే? ఫేక్ అవుట్ ఉంది, గ్రాసీ టెరైన్‌లో ప్రయారిటీతో పడే గ్రాసీ గ్లైడ్ ఉంది. వేగం లేకపోయినా దానికి చేయడానికి పని ఉంది. టోర్కోల్‌కి లేదు.

ట్రిక్ రూమ్ ఎందుకు పడదన్నది కూడా చెప్పాలి. సెటర్, అంటే దాన్ని వేసే పోకెమాన్, మైనస్ 7 దాకా ఆగాలి కాబట్టి అవతలి ఇద్దరూ దాని మీదే కొట్టొచ్చు. రెండు దెబ్బలు తట్టుకోవాలి. ఫేక్ అవుట్ తగిలితే ఆ టర్ను పోయింది. దెబ్బ కొట్టే మూవ్‌లు తప్ప ఏవీ వాడనివ్వని టాంట్ పడితే అసలు వేయడమే కుదరదు. అమూంగస్ స్పోర్‌తో నిద్రపుచ్చొచ్చు. రోర్, వర్ల్‌విండ్ ప్రయారిటీ మైనస్ 6 కాబట్టి అవి కూడా ట్రిక్ రూమ్ కన్నా ముందే పడి సెటర్‌ని బయటికి నెట్టేస్తాయి. ఫారిజిరాఫ్ వచ్చాక వీటిలో కొన్ని తీరాయి. దాని ఆర్మర్ టెయిల్ ఉండగా అవతలివాళ్ల ప్రయారిటీ మూవ్‌లు దాని మీదా, పక్కదాని మీదా పనిచేయవు. ఫేక్ అవుట్ భయం లేదు, ప్రాంక్‌స్టర్ టాంట్ భయం లేదు. మామూలు టాంట్‌కి దాన్ని వదిలించే మెంటల్ హెర్బ్ పెట్టుకోవచ్చు. కానీ ఇద్దరూ కలిసి దాని మీద గట్టిగా కొడితే మాత్రం ఆర్మర్ టెయిల్ ఏం చేస్తుంది? ముఖ్యంగా డార్క్ మూవ్‌లు దానికి చెడ్డవి. ఆటలో ఒక్కసారే దొరికే టెరా (పోకెమాన్ టైప్ మార్చుకునే శక్తి) వాడి కాపాడుకోవచ్చు. అయితే ఆ టెరా ఇక మీ ఉర్సలూనాకి మిగలదు.

పైగా అధికారిక టోర్నమెంట్లలో ఓపెన్ టీమ్ షీట్లు ఉంటాయి. మూవ్‌లు, ఐటమ్, ఎబిలిటీ, టెరా టైప్ అవతలివాళ్లకు ముందే తెలుస్తాయి. ఈవీలు, నేచర్ మాత్రం కనిపించవు. ఫారిజిరాఫ్ పక్కన టోర్కోల్‌ని చూడగానే మీ ఆలోచన మొత్తం వాళ్లకు అర్థమైపోతుంది. అదే టెయిల్‌విండ్ టీమ్‌లో మీ ఉర్షిఫు వేగం ఎంతో షీట్ చెప్పదు. ఆ దాచిన అంకెలోనే బోలెడు ఆటలు గెలవొచ్చు.

అంకెల సంగతి వచ్చింది కాబట్టి టెయిల్‌విండ్ వాళ్లకు ఒక మాట. “టెయిల్‌విండ్ ఉందిగా, స్పీడ్ ఈవీలు ఎందుకు?” అనుకోకండి. బూస్టర్ ఎనర్జీతో వేగం పెరిగిన ఫ్లటర్ మేన్ స్పీడ్ 307. పూర్తి ఈవీలు పెట్టి నేచర్ మాత్రం అడమంట్ (వేగం కాక అటాక్ పెంచేది) ఇచ్చిన ఉర్షిఫు వేగం 149, టెయిల్‌విండ్‌లో 298. తొమ్మిది పాయింట్ల తేడాతో ముందు దెబ్బ వాళ్లది. వేగం పెంచే జాలీ నేచర్ ఇస్తే 163, రెట్టింపు 326. ఇలాంటి చోట టీమ్ మార్చక్కర్లేదు, ఒక్క నేచర్ మారిస్తే చాలు. మీ టీమ్‌లో ప్రతి పోకెమాన్ పక్కన మూడు అంకెలు రాసుకోండి: మామూలు వేగం, రెట్టింపు వేగం, అది దాటాల్సిన శత్రువు వేగం. టీమ్ బాగుచేయడం అని అడిగేవాళ్లలో చాలామంది ఈ పని చేయకుండానే పోకెమాన్లను మార్చేస్తూ ఉంటారు. అది చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే వాళ్లు తీసేసిన పోకెమాన్‌లో తప్పేమీ ఉండదు.

టెయిల్‌విండ్‌కీ లోపాలున్నాయి. విమ్సికాట్ ప్రాంక్‌స్టర్ ప్రయారిటీ ప్లస్ 1, ఫేక్ అవుట్‌ది ప్లస్ 3. ఎదురుగా ఇన్సినరోర్ నిలబడితే మొదటి టర్నులో మీ టెయిల్‌విండ్ ఆగిపోవచ్చు. ఇద్దరూ టెయిల్‌విండ్ వేసుకుంటే ఎవరికీ లాభం లేదు, మళ్లీ సహజ వేగాల పోటీయే. విమ్సికాట్ పని ముగిశాక రంగంలో దానికి బలమూ తక్కువే. ఫోకస్ సాష్ అనే ఐటమ్ మీద ఒక దెబ్బకు నిలబడి, ఎన్‌కోర్ (ఎదుటిదానితో అదే మూవ్ మళ్లీ వేయించేది) వేసి పోతుంది. దెబ్బ కూడా గట్టిగా కావాలంటే టోర్నాడస్ మేలు. వాన టీమ్ అయితే పెలిప్పర్. టాలన్‌ఫ్లేమ్‌కి నిండు ప్రాణం ఉన్నంతసేపు గేల్ వింగ్స్ వల్ల టెయిల్‌విండ్‌కి ప్రయారిటీ దొరుకుతుంది, చిన్న గాయమైనా ఆ వరం పోతుంది.

మిగతా దారుల గురించి క్లుప్తంగా. ఐసీ విండ్, ఎలక్ట్రోవెబ్ ఇద్దరినీ తాకి వేగం తగ్గిస్తాయి. కానీ బలం 55, గురి 95 శాతం, స్విచ్ చేస్తే ఆ ప్రభావం పోతుంది. ఎదురుగా కింగాంబిట్ ఉంటే ఐసీ విండ్ వేయకండి, డిఫయంట్ వల్ల దాని అటాక్ రెండు మెట్లు పెరుగుతుంది. థండర్ వేవ్ ఒక్కరికే పడుతుంది, పైగా పదిలో ఒకసారి తప్పుతుంది. చాయిస్ స్కార్ఫ్ ఒక పోకెమాన్‌కి వేగం ఇస్తుంది, టీమ్‌కి కాదు. వీటిని రెండో ఆయుధంగా పెట్టుకోవచ్చు, టీమ్‌ని వీటి మీద నిలబెట్టలేం.

ట్రిక్ రూమ్ ఎవరికి మేలంటే, కాలిరెక్స్ ఐస్ రైడర్ లాంటి నెమ్మదైన, భయంకరమైన పోకెమాన్ మీ టీమ్‌కి ప్రాణమైతే అదే తీసుకోండి. దాని సహజ వేగం 50, గ్లేషియల్ లాన్స్ ఇద్దరినీ కొడుతుంది. దాన్ని టెయిల్‌విండ్‌తో లాగాలనుకోవడం వృథా శ్రమ. అప్పుడు కూడా ఆరుగురినీ నెమ్మదివాళ్లనే పెట్టకండి. అంతా నెమ్మదివాళ్లే ఉండే హార్డ్ రూమ్ కన్నా కొందరు వేగమైనవాళ్లూ ఉండే సెమీ రూమ్ ఎప్పుడూ నయం.

మిగతా అందరికీ నా సలహా టెయిల్‌విండ్. దాని వెనక చిన్న తలుపులా ట్రిక్ రూమ్ ఒకటి ఉంచుకోండి. నేనిప్పుడు ఆడుతున్నది ఇదే: విమ్సికాట్, ఫ్లటర్ మేన్, ఉర్షిఫు, రిల్లబూమ్, ఐరన్ హ్యాండ్స్, ఫారిజిరాఫ్. ఈ టీమ్‌ని కలిపి ఉంచుతున్నది ఐరన్ హ్యాండ్స్. స్పీడ్ ఈవీలు లేకుండా దాని వేగం 70. ట్రిక్ రూమ్‌లో ఎదుటివాళ్లలో చాలామందికన్నా ముందు కదులుతుంది, టెయిల్‌విండ్‌లో 140 అవుతుంది, ఏదీ లేనప్పుడు ఫేక్ అవుట్ వేస్తుంది. ఎదురుగా ఇన్సినరోర్ కనబడితే విమ్సికాట్ పక్కన ఫారిజిరాఫ్‌ని దింపుతాను. ఆర్మర్ టెయిల్ వల్ల ఫేక్ అవుట్ పనిచేయదు, టెయిల్‌విండ్‌ని అది ఆపలేదు. అవతలివాళ్లది కూడా టెయిల్‌విండ్ టీమ్ అయితే అదే ఫారిజిరాఫ్ ట్రిక్ రూమ్‌తో వాళ్ల గాలిని తిప్పికొడుతుంది. చాలా ఆటల్లో అసలు ట్రిక్ రూమ్ వేయను. కానీ షీట్‌లో అది కనబడటం వల్ల వాళ్లు టెయిల్‌విండ్ వేయడానికి ఒక క్షణం ఆలోచిస్తారు.

మీ టీమ్‌ని మార్చే ముందు పోకెమాన్ షోడౌన్‌లో ఒక పదిహేను, ఇరవై ఆటలు ఆడండి. ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఐవీల కోసం గుడ్లు పొదిగే పని లేదు. ప్రతి ఆట తర్వాత మూడే మూడు రాయండి: మొదట ఎవరిని లీడ్‌గా దింపారు, స్పీడ్ కంట్రోల్ (టెయిల్‌విండ్ గానీ ట్రిక్ రూమ్ గానీ) పడిందా, పడనప్పుడు మిగిలినవాళ్లు ఏం చేశారు. ఆ మూడో గడిలో ఎవరి పేరు పక్కన మళ్లీ మళ్లీ “ఏం చేయలేదు” అని పడుతుందో ఆ ఒక్కరినే మార్చండి, మిగతా ఐదుగురినీ కదపకండి. నా పాత నోట్‌బుక్‌లో ఆ పేరు టోర్కోల్. ఇప్పటి నోట్‌బుక్‌లో, టెయిల్‌విండ్ పడని ఆటల్లో, విమ్సికాట్ పేరు కొంచెం ఎక్కువగానే కనబడుతోంది. వచ్చే వారం దాని స్థానంలో టోర్నాడస్‌ని పెట్టి చూడబోతున్నాను.