పొడుల కొట్టుకి నాలుగు స్టార్లు, ఒకటి నువ్వుల పొడికి కోత

కొట్టు పేరు రాయట్లేదు. ఆవిడే వద్దంది. "ఉన్నవాళ్లకే దంచలేక చస్తున్నా అక్కయ్యగారూ, మీరు రాశారంటే ఇంకో యాభైమంది వచ్చి నా ప్రాణం తీస్తారు" అని చేతులు జోడించింది. గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్లలో ఒకదాంట్లో, మేడమెట్ల కింద గది. బోర్డు లేదు. పొద్దున పది దాటాక ఆ రోడ్డున నడుస్తుంటే ఎక్కడ తుమ్మొస్తే అక్కడ ఆగి ఎడమపక్కకి చూడండి, అదే.

పదేళ్లుగా అక్కడే కొంటున్నా. కందిపొడికి రివ్యూ ఏంటి నా మొహం అనుకునేదాన్ని. పోయిన నెల మా మేడమీద అబ్బాయి వచ్చి మూడు రోజులుండి వెళ్లాడు. వాడితో కలిసి ఆ కొట్టుకి వెళ్లొచ్చాక రాయకపోతే తప్పనిపించింది. నేను ఫ్యాన్ కింద కూర్చుని వేడన్నంలో కలుపుకుని బాగుందంటే అందులో గొప్పేముంది? ఈ పొడులు ఇజ్రాయెల్ సైన్యంలో కొత్తగా చేరిన ఆ అబ్బాయి సంచిలో, బూట్ల పక్కన, శిక్షణ అయ్యేదాకా పడున్నాయి. పరీక్షంటే అదీ.

మేడమీద అబ్బాయంటే మిజోరం పిల్లాడు. ఇక్కడ ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ మా పైగదిలో అద్దెకున్నాడు. మొదట్లో చర్చికి వెళ్లవా బాబూ అంటే "మేం యూదులం ఆంటీ" అన్నాడు. నాకు అర్థం కాలేదు. మిజోరంలో, మణిపూర్‌లో బ్నే మెనాషే అని వీళ్ల జనం ఉన్నారు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో మనష్షే గోత్రం తమదని వాళ్ల నమ్మకం. 2005లో ఇజ్రాయెల్‌లోని ఇద్దరు ప్రధాన రబ్బీల్లో (రబ్బీ అంటే యూదుల మతగురువు) ఒకరైన ష్లోమో అమార్ అవును, వీళ్లూ ఇశ్రాయేలు సంతతే అని ఒప్పుకున్నారు. అయినా అక్కడికి చేరినవాళ్లు పద్ధతి ప్రకారం మతస్వీకారం తంతు పూర్తి చేయాల్సిందేనట.

వీడు శుక్రవారం మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి చేబ్రోలు బస్సెక్కేవాడు. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు, బెనె ఎఫ్రాయిము అంటారు, వాళ్లకో ప్రార్థన మందిరం కూడా ఉంది. ముప్ఫయ్యేళ్లు గుంటూర్లో కాపురం చేసి ఆ సంగతి నేను మిజోరం పిల్లాడి నోట వినాల్సొచ్చింది. వాళ్ల విశ్రాంతి దినం, శనివారం పొద్దుపోయేదాకా ప్రయాణం చేయకూడదు గనక, రాత్రికి ఆకలితో దిగేవాడు. మాది నీచు వండని ఇల్లు కాబట్టి వాడికి తిండి దగ్గర అనుమానాలుండేవి కావు. అన్నం, కందిపొడి, నూనె చుక్క. ఆ కందిపొడి ఈ కొట్టుదే.

ఇక సరుకు సంగతి. కందిపొడికి పదికి పది. పప్పు మాడదు, పచ్చిగా ఉండదు, నోట్లో వేసుకుంటే పిండిలా అంటుకోకుండా చిన్న రవ్వ తగులుతుంది. కరివేపాకు కారం ఇంకా మెరుగు. ఆకుని ఉప్పునీళ్లలో ముంచి, రెమ్మ రెమ్మా తిప్పి చూసి, నీడన గుడ్డమీద ఆరబెడుతుంది. మా ఆయన మిర్చి యార్డులో కమిషన్ కొట్లో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, కారం రంగు చూసి కాయ రకం చెప్తారు. ఈవిడ సన్నం కాయకి ఘాటు కోసం కాస్త తేజ కలుపుతుందని, తొడిమలు తీయకుండా ఆడించదని ఆయన సర్టిఫికెట్. నువ్వుల పొడిలో మాత్రం ఉప్పు చెయ్యి జారుతుంది, ఎప్పుడూ జారుతుంది. గోంగూర బాగుంటుంది గానీ దాని కథ వేరు.

కథేంటంటే, చదువయ్యాక వీళ్ల ఇంటిల్లిపాదీ ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. తంతు అయింది, పౌరసత్వం వచ్చింది, తర్వాత సైన్యం నుంచి పిలుపు. హీబ్రూ సరిగా రాని కొత్తవాళ్ల కోసం గలిలయలో మిఖ్వే అలోన్ అని ఒక శిబిరం ఉంది, అక్కడ భాషా కవాతూ కలిపి నేర్పుతారు. రష్యావాళ్లు, ఇథియోపియావాళ్లు, ఫ్రాన్సువాళ్లు, మధ్యలో మనవాడు. "ఆంటీ, ఇక్కడ అందరూ తప్పులే మాట్లాడతారు, అందుకే హాయిగా ఉంది" అన్నాడు ఫోన్లో. అప్పుడు పంపా మొదటి పార్సిల్, వాళ్లమ్మ ఇంటికి. గోంగూర సీసాలో వద్దని కొట్టావిడ చెప్పింది. వింటేగా నేను! పార్సిల్ ఆఫీసులో కూడా ఏం కాదమ్మా అన్నారు. అయింది. నూనె కారి పైనున్న స్వెట్టర్ నాశనం. ఆ పార్సిల్‌వాళ్ల పేరూ రాయను, తప్పులో సగం నాది.

పొడులు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకో చెప్తా. వేయించింది పూర్తిగా చల్లారితే తప్ప ఆవిడ ఆడించదు, ఆడించాక మళ్లీ పళ్లెంలో పరిచి చల్లారితే తప్ప నింపదు. పావుకిలో కవరుని రెండుచోట్ల సీల్ చేసి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి మళ్లీ సీల్. దానిమీద బాల్‌పెన్నుతో తారీఖు. తొందరపెడితే "రేపు రండి" అంటుంది, అంతే. ఆ రేపు కోసం నేను రెండుసార్లు ఆటో డబ్బులు దండగ చేసుకున్నా.

కవర్లు చేరిన వారానికి వాడి ఫోను. "వీటిలో ఏమేం వేశారో మొత్తం రాయించి పంపండి ఆంటీ." అక్కడ మాంసం, పాలపదార్థం ఒక పూట కలిపి తినరు. సైన్యం వంటశాలలో గిన్నెలు కూడా వేటికవే. పొడిలో నెయ్యి ఉందా అన్నది పెద్ద ప్రశ్న. ఇంకెవరైనా అయితే విసుక్కునేవాళ్లు, లేదా వంటింటి రహస్యం అనేవాళ్లు. ఈవిడ క్యాలెండర్ కాగితం చింపి వెనకవైపు రాసిచ్చింది, ఏ పొడిలో ఏ దినుసు, ఏది నూనెలో వేగింది, ఏది ఉత్త మూకుడులో వేగింది. నెయ్యి కారం ఒక్కదానికే వేరే మూకుడు, వేరే గరిటె అని కింద గీత గీసి మరీ రాసింది. ఆ కాగితం ఫొటో తీసి పంపా. వాడు అక్కడి సైన్యపు రబ్బీకి అర్థం చెప్తే, ఆయన విని, మత నియమాల ప్రకారం చేసిందన్న ముద్ర లేని తిండి వంటశాల గడప దాటకూడదు, తినేదేదో బయట తిను అన్నాడట.

అలా బయట తిన్నాడు. పొద్దున ఫలహారంలో ఉడికిన గుడ్డు, దోసకాయా టమాటా ముక్కలు, తెల్ల చీజు, రొట్టె ఇస్తారు. వీడు గుడ్డు జేబులో వేసుకుని బయటికొచ్చి, గట్టుమీద కూర్చుని, తుపాకీ మోకాళ్లమీద అడ్డంగా పెట్టుకుని, నీళ్ల డబ్బా మూతకి కొట్టి పెంకు వొలిచి, కరివేపాకు కారంలో అద్దుకునేవాడు. టైము? కమాండరు గడియారం చూసి ఎన్ని నిమిషాలంటే అన్ని. ఆ నిమిషాల్లోనే బూట్ల తాడు కట్టుకోవాలి, వరసలో నిలబడాలి. తుపాకీ ఒక్క క్షణం వదలకూడదు, నిద్రలో కూడా పరుపు కింద పెట్టుకుని పడుకోవాలి. మా ఆయన స్కూటర్ తాళం రోజూ పొద్దున్నే ఇల్లంతా వెతుకుతారు. ఈయన్ని అక్కడ చేర్చుకుంటే ఏమయ్యేదో అని నవ్వుకున్నాం.

రాత్రి కాపలాలు, వంటశాలలో బానల్లాంటి గిన్నెలు తోమే వంతు, స్ట్రెచర్ మోస్తూ నడకలు, ఇవన్నీ రెండు ముక్కల్లో చెప్పేశాడు. వాడికి కష్టంగా తోచింది అది కాదు. కమాండరు నవ్వకపోవడం. వాళ్ల కమాండరు పంతొమ్మిదేళ్ల అమ్మాయి, వీడి భుజం దాకా వస్తుందట. శిక్షణ అయ్యేదాకా పేరు చెప్పదు, కబుర్లాడదు, నవ్వదు. దాన్ని డిస్టన్స్ అంటారట, హీబ్రూలో కూడా అదే మాట. ఏం చెప్పినా "కెన్, హమెఫకెదెత్" అనాలి, చిత్తం కమాండరుగారూ అని. ఫోన్లో నేను "తిన్నావా, స్వెట్టర్ వేసుకున్నావా" అని గద్దిస్తే నన్నూ అదే అనేవాడు.

ఒకరోజు సామాను తనిఖీ. మంచం పక్కన అన్నీ వరసగా పేర్చి నిటారుగా నిలబడాలి. ఆ అమ్మాయి వచ్చి వెల్లుల్లి కారం కవరు చూసి, ఇదేంటంది. "తిండి" అన్నాడు, వాడికి వచ్చిన హీబ్రూ అంతే. విప్పు అంది. విప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇక చూడండి, తుమ్ము మీద తుమ్ము. పక్కనున్న రష్యా కుర్రాడికి పాకింది, వాణ్ణుంచి ఆ పక్కవాడికి. గదంతా తుమ్ములు, ఒక్కరూ నవ్వకూడదు, కదలకూడదు. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకోకుండానే, కారుతున్న కళ్లతో, "గట్టిగా కట్టు" అని చెప్పి బయటికి నడిచింది. శిక్షణ ఆఖర్న ఆ డిస్టన్స్ తీసేసే రోజు ఒకటుంటుంది. ఆ రోజు తన పేరు చెప్పి, మొదట అడిగిన మాట, "ఆ రోజు నువ్వు నన్ను చంపబోయావా?"

ప్రమాణం రోజు ఫొటో పంపాడు. ఒక చేతిలో తుపాకీ, ఒక చేతిలో హీబ్రూ బైబిలు. చూసి సంతోషించానా అంటే, సగం. అక్కడి గొడవలమీద మా ఆయనకీ వాడికీ ఫోన్లో ఒకసారి గట్టి వాదనే అయింది, ఆ తర్వాత రెండు వారాలు మాటల్లేవు. అది పొడుల రివ్యూలోకి తేను.

ఈ కొట్టుకి నేను అసలు స్టార్లు ఇస్తున్నది యూదుల పస్కా పండగప్పుడు జరిగినదానికి. పస్కా ఏడు రోజులూ గోధుమ, బార్లీ లాంటి వాటి పిండి పులిసినది ముట్టరు, శిబిరంలో మామూలు రొట్టె కూడా ఉండదు. నాకు తెలిసి మన పొడుల్లో గోధుమ ఎక్కడిది? కొట్టావిడకి చెప్తే కాసేపు ఆలోచించి, కళ్లజోడు పెట్టుకుని, ఇంగువ డబ్బా తిప్పింది. డబ్బామీద చీమకాళ్లంత అక్షరాలు. వేలు పెట్టి చదివింది. తినే జిగురు, గోధుమ పిండి, ఆ తర్వాత ఇంగువ. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. "ఇన్నాళ్లూ గోధుమ పిండి కూడా ఇంగువ ధరకే కొన్నామా అక్కయ్యగారూ" అంది. దాచిపెట్టి "ఏం లేదండీ, పంపండి" అంటే నాకు తెలిసేదా? కందిపొడి, కరివేపాకు కారం రెండూ పక్కన పెట్టించింది. పప్పులు కూడా ఆ వారం కొందరు తినరట. చివరికి గట్టెక్కింది వెల్లుల్లి కారం. ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు, అంతే.

అప్పట్నుంచి ప్రతి కవరుమీద తారీఖు కింద "ఇంగువ ఉంది" లేదా "లేదు" అని రాస్తోంది. గోధుమ పడని పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇద్దరు ముగ్గురు ఇప్పుడు దానికోసమే వస్తున్నారని చెప్పింది. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే మీరూ ఇంటికెళ్లి డబ్బా తిప్పి చూడండి.

అక్కడ సైన్యం నుంచి బయటపడ్డ పిల్లలు చాలామంది వీపున సంచి తగిలించుకుని మన దేశం వస్తారు. హిమాచల్‌లో కసోల్, గోవా తిరుగుతారు. వీడు గుంటూరొచ్చాడు. దిగిన మర్నాడు ఐదింటికే లేచి దుప్పటి మడత పెట్టేశాడు, అంచులు కత్తితో కోసినట్టున్నాయి. పదకొండింటికి కొట్టుకి వెళ్లాం. గుమ్మంలో వాణ్ణి చూడగానే "నువ్వేనా గోధుమ పిండి అబ్బాయివి" అంది ఆవిడ. స్టూలు వేసి, అరచేతిలో వేడివేడి నువ్వుల పొడి పెట్టింది. వాడు నాకి, కాసేపు ఆగి, మన తెలుగులో శుభ్రంగా "ఉప్పు ఎక్కువైంది ఆంటీ" అన్నాడు. పదేళ్లలో నేను అనలేని మాట! ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా, "ఎండలో కవాతు చేసేవాళ్లకి ఆమాత్రం ఉప్పుండాలిలే" అంది.

ఆ వారం నేను కొన్న నువ్వుల పొడిలోనూ ఉప్పు అలాగే ఉంది.

కందిపొడి పావుకిలో 140, కరివేపాకు కారం 150, వెల్లుల్లి కారం 130. ఫోన్‌పే ఉంది గానీ సిగ్నల్ ఉండదు, చిల్లర పట్టుకెళ్లండి. కారు ఆ రోడ్డులోకి పోదు. మంగళవారం మూత. పార్సిల్‌కి కావాలంటే రెండు రోజుల ముందు చెప్పాలి. గోంగూర సీసాలో అడక్కండి.