ఫైబర్ నెట్ పెట్టించి ఆరు నెలలైంది

నల్లగొండలో మా ఇంటికి ఆరు నెలల కింద ఒక లోకల్ ఆపరేటర్ దగ్గర ఫైబర్ నెట్ పెట్టించాం, పేరు రాయను. వైరు లాగిన పిల్లగాడు మాత్రం బంగారం, గోడకు రంధ్రం చేసి రాలిన సున్నం కూడా తనే ఊడ్చి పోయాడు.

100 ఎంబీపీఎస్ అన్నారు, తీరా చూస్తే సినిమా డౌన్‌లోడ్ వేగం 12 దగ్గరే ఆగుతోంది, మోసం చేశారని ఫోన్ చేసి అరిచేశాను. తప్పు నాదే. అవి మెగాబిట్లు, 8 బిట్లు కలిస్తేనే ఒక బైటు, అందుకే 8తో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లే వస్తాయి. వెనక గదిలో నాన్న వార్తలు చూస్తుంటే బొమ్మ ఆగిపోయేది, అక్కడ టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫై నుంచి 2.4కి మార్చాక (వేగం తక్కువే గానీ గోడలు బాగా దాటుతుంది) ఆయన గొణుగుడు తగ్గింది.

నాకు మండేది బిల్లు దగ్గర. 599 అని చెప్పి 18 శాతం జీఎస్టీ మాట ఎత్తలేదు, కట్టేది 707. ఓటీటీలు ఫ్రీ అన్నారు, తీరా అవి ఫోన్‌లోనే, టీవీలో రావు!

మొన్న గాలివానకు వైరు తెగింది. మోడెం మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ అందట్లేదని అర్థం) అనే ఎర్ర లైటు మూడు రోజులు మిణుకుమిణుకుమంటూనే ఉంది, ఫోన్ చేస్తే "రేపొస్తం సార్" అనే మాటొక్కటే. ఇప్పుడేమో ఏడాది ప్యాక్ ఒకేసారి కట్టమంటున్నారు. నెలనెలా కడతానని చెప్పా.