రెడీమేడ్ షాపింగ్ స్క్రిప్ట్ కొంటున్నారా? ముందు సెషన్ సంగతి చూడండి

మా అక్క చీరల వ్యాపారం కోసం ఒక రెడీమేడ్ పీహెచ్‌పీ స్క్రిప్ట్ (పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన, సైటు నడిపే కోడ్) కొన్నాం. అమ్మినవాళ్ళ పేరు చెప్పను. ఇలాంటి సరుకు అమ్మేవాళ్ళు బోలెడుమంది, ఎవరి దగ్గర కొన్నా ఈ జాగ్రత్త పనికొస్తుంది.

డెమో అదిరిపోయింది. బ్యానర్లు, కూపన్లు, యూపీఐ, అన్నీ ఉన్నాయి. సైటు మొదలైన కొద్దిరోజులకే ఒక కస్టమర్ ఫోన్ చేసి అక్కను నిలదీసింది. ఆవిడ తనకు నచ్చిన చీర లింక్‌ని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టిందట. అది నొక్కిన తోడికోడలికి చీరతో పాటు ఈవిడ కార్టు, ఇంటి అడ్రస్, ఫోన్ నంబరు, పాత ఆర్డర్లు కూడా కనిపించాయి. ఏ పండక్కి ఎంత పెట్టి కొన్నదీ తోడికోడలికి తెలిసిపోతే ఊరుకుంటారా!

ఆ లింక్ తెప్పించుకుని చూశాను. చివర్లో ‘పీహెచ్‌పీ సెస్ ఐడీ’ అని, దాని పక్కన అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి తోక. సైటు వాడుతున్న ఒక్కొక్కరి గురించి సర్వర్ (సైటు నడిచే కంప్యూటర్) పెట్టుకునే రికార్డే సెషన్; ఆ తోక దాని ఐడీ. లాగిన్ అయిన మనిషిని సర్వర్ గుర్తుపట్టేది ఆ ఐడీతోనే. అది ఎవరి చేతిలో పడితే వాళ్ళే ఆ కస్టమర్. పాస్‌వర్డూ అడగదు, ఓటీపీ కూడా అడగదు. అందుకే దాన్ని లింకులో కాకుండా కుకీలోనే, అంటే సైటు కోసం బ్రౌజర్ దాచుకునే చిన్న సమాచారంలోనే ఉంచాలి. పీహెచ్‌పీ డిఫాల్ట్‌గా చేసేదీ అదే. ఈ మహానుభావులు పనిగట్టుకుని, ఐడీని కుకీ నుంచే తీసుకోమనే ‘యూజ్ ఓన్లీ కుకీస్’ ఆపేసి, ఐడీని లింకులకు తగిలించే ‘యూజ్ ట్రాన్స్ సిడ్’ ఆన్ చేశారు. 2024లో వచ్చిన పీహెచ్‌పీ 8.4 అయితే ఇలా మార్చొద్దని హెచ్చరిక కూడా ఇస్తుంది.

సపోర్ట్‌కి రాస్తే, లాగౌట్ అయ్యాక లింక్ పంపుకోమన్నారు. ఆ లాగౌట్ కూడా ఉత్తదే. లాగౌట్ అయ్యి, పాత కుకీ విలువని బ్రౌజర్‌లో మళ్ళీ పేస్ట్ చేసి రిఫ్రెష్ కొడితే ఆర్డర్ల పేజీ హాయిగా తెరుచుకుంది. ఫోన్లో కుకీ తుడుస్తున్నారు తప్ప, సర్వర్లో సెషన్‌ని ముట్టుకోవడం లేదు. పైగా డిఫాల్ట్‌గా 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు ఉండే గడువుని నెల రోజులకు పెంచి, ‘మాటిమాటికీ లాగిన్ అక్కర్లేదు’ అని అదో గొప్ప ఫీచర్‌లా ప్రచారం!

ప్రస్తుతానికి ఆ సెట్టింగులు సరిచేసి, పాత సెషన్లన్నీ తుడిచేశాం. రీఫండ్ అడిగితే డిజిటల్ సరుకు వాపసు తీసుకోం అన్నారు.

కాబట్టి డబ్బు కట్టకముందే డెమోలో లాగిన్ అడగండి. కంప్యూటర్లో ఎఫ్12 నొక్కి, అప్లికేషన్ ట్యాబ్‌లో కుకీలు తెరవండి. లాగిన్‌కి ముందు ఉన్న సెషన్ ఐడీ లాగిన్ అయ్యాక మారాలి. మారకపోతే, ఎవడో ముందే అంటగట్టిన ఐడీతో మీ కస్టమర్ లాగిన్ అయినా, వాడు కూడా లోపలికి వచ్చేస్తాడు. ‘హెచ్‌టీటీపీ ఓన్లీ’ (పేజీలోని జావాస్క్రిప్ట్ కోడ్ కుకీని చదవకుండా ఆపేది), ‘సెక్యూర్’ (కుకీని హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్‌లోనే పంపేది) రెండింటికీ టిక్కు ఉండాలి. నేను చేసిన లాగౌట్ పరీక్ష కూడా చేసి చూడండి. డెమో లాగిన్ ఇవ్వం అని మొండికేస్తే ఆ బేరం అక్కడితో వదిలేయండి.