ఆఖరి సెకన్లలో ఫౌల్: రిఫరీ విజిల్ ఊదాలా, వదిలేయాలా?

2024 ఏప్రిల్ 5, క్లీవ్‌లాండ్. అమెరికా కాలేజీ జట్ల (ఎన్‌సీఏఏ) మహిళల బాస్కెట్‌బాల్ సెమీఫైనల్. అయోవా 70, యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) 69. మిగిలింది 3.9 సెకన్లు. యూకాన్ క్రీడాకారిణి పేజ్ బెకర్స్ కోసం స్క్రీన్ (డిఫెండర్ దారికి అడ్డంగా కదలకుండా నిలబడే ఎత్తు) పెట్టిన సహచరి ఆలియా ఎడ్వర్డ్స్ కదిలి అయోవా డిఫెండర్ గాబీ మార్షల్‌కు అడ్డుపడిందని విజిల్ మోగింది. బంతి అయోవాకి. 71-69తో మ్యాచ్ కూడా వాళ్లదే. ఆ రాత్రి రీప్లే ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు.

ఊదితే: మొదటి నిమిషంలో ఉన్న రూలే చివర్లోనూ ఉంటుంది.
వదిలేస్తే: గెలుపోటములు ఆడేవాళ్ల చేతిలోనే ఉంటాయి.

ఊదితే: యూకాన్‌కు చివరి షాట్ వేసే అవకాశమే పోయింది.
వదిలేస్తే: అడ్డు తగిలిన డిఫెండర్‌కు అన్యాయం. ఆ బాధ ఎవరికీ కనబడదు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంటుంది.

రిస్క్ రెండింట్లోనూ ఉంది. ఇలాంటి మామూలు ఫౌల్‌ను రీప్లే చూసి మార్చే వీల్లేదు.

డిఫెండర్ దారి నిజంగా మూసుకుపోతే, గడియారం చూడకుండా ఊదాల్సిందే. భుజం తగిలినా ఆమె ఆగకుండా వెళ్లగలిగితే వదిలేయడమే మేలు. అప్పటిదాకా అలాంటి స్క్రీన్లను చూసీ చూడనట్టు పోనిచ్చిన మ్యాచ్‌లో అయితే, చివర్లో కొత్తగా ఊదకూడదు.